తాడు రెండో కొస

వరసగా ఏడో మ్యాచ్ ఓడిన మూడో రోజు, మంగళవారం పొద్దున్నే, ఫుట్‌బాల్ జట్టు కోచ్‌ని తీసేశారు. తీసేసినప్పుడు ఆయన కాళ్ళకి ఏమీ లేవు.

ఆయనకి అదో అలవాటు. ఆరింటికల్లా స్టేడియానికి వచ్చి, కార్నర్ జెండా దగ్గర బూట్లు విప్పి, సాక్సులు మడిచి వాటిలో కుక్కి, మంచుకి తడిసిన గడ్డి మీద వట్టి కాళ్ళతో ఒక చుట్టు తిరిగేవాడు. పక్కన మైదానం చూసుకునే మనిషి నడవాలి. ఇతన్ని ఆటగాళ్ళు గీతల బాబాయి అంటారు. గడ్డి కోసేదీ, నీళ్ళు పెట్టేదీ, దువ్వేదీ అన్నీ ఇతనే గానీ, బయటివాళ్ళ కంటికి ఆనేవి గీతలే కాబట్టి ఆ పేరే నిలిచిపోయింది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. "ఇక్కడ మెత్తగా ఉంది" అని కోచ్ అంటే "ఎల్లుండికి గట్టిపడుతుంది సార్" అని బాబాయి అనేవాడు. అంతటితో ఆ రోజు ముచ్చట అయిపోయేది.

ఆ మంగళవారం సగం చుట్టు అయ్యేసరికి క్లబ్బు మేనేజరు గీత అవతల నిలబడి చెయ్యి ఊపాడు. అతని బూట్లు కొత్తవి. తడి గడ్డి మీద అడుగు పెట్టలేదు.

"సార్, ఒక్క పది నిమిషాలు. ఓనరుగారు ఫోన్లో ఉన్నారు."

"బూట్లు వేసుకుని వస్తాను."

"పది నిమిషాలేగా సార్. అలాగే రండి."

కోచ్ బూట్లున్న మూలకేసి ఒకసారి చూసి, అలాగే వెళ్ళాడు. సిమెంటు మెట్ల మీద తడి పాదాల గుర్తులు పడ్డాయి. బాబాయి మిగతా సగం చుట్టు ఒక్కడే తిరిగాడు. ఆగిపోతే ఏదో అయిందని తనే ఒప్పుకున్నట్టు ఉంటుందని తిరిగాడు. వచ్చి చూసేసరికి మెట్ల మీద గుర్తులు ఆరిపోయాయి.

పది నిమిషాలు కూడా పట్టలేదు, ఆరే. బయట కెమెరాలు దిగాయని ఆయన్ని మళ్ళీ మైదానం వైపు రానివ్వకుండా ముందు గేటు నుంచే కారెక్కించారు. కాళ్ళకి ఏదో ఒకటి ఉండాలి కదా, స్నానాల గదిలో వాడే నీలం రబ్బరు చెప్పులు తెచ్చి ఇచ్చారు. మర్నాడు పేపర్లో ఆ ఫొటోనే వచ్చింది. పైన క్లబ్బు కోటు, ఇస్త్రీ ప్యాంటు, కింద రబ్బరు చెప్పులు. వచ్చీ రాగానే మైదానాన్ని నాలుగు మీటర్లు ఇరుకు చేయించిన మనిషి చివరికి ఆటనే ఇరుకు చేసేశాడని రాశారు. రాసినవాడు తెలివైనవాడే. అందరికీ గుర్తుండే ముక్క రాశాడు.

బాబాయి ఆ బూట్లు తీసుకెళ్ళి సామాన్ల గదిలో, గడ్డి విత్తనాల డబ్బాల పక్కన, అరమీద పెట్టాడు. తడి బట్టతో తుడిచాడు. ఆపైన ఏం చేయాలో తోచక గడ్డి కోసే బండి బ్లేడు విప్పి సాన పట్టాడు. దానికి ముందు రోజే సాన పట్టి ఉన్నాడు. బాధగా ఉందా అంటే ఏమో, ఉన్నట్టు అనిపించలేదు. చెయ్యి కింద పెట్టుకుని పడుకుంటే తిమ్మిరెక్కుతుందే, లోపలంతా అలా ఉంది.

*

బుధవారం కొత్త కోచ్ వచ్చాడు. వెంట తన మనుషులు ముగ్గురు. మధ్యాహ్నానికల్లా గోల్‌కీపర్ల కోచ్, కసరత్తులు చేయించే ఆయన సంచులు సర్దుకున్నారు. పాత కోచ్‌తో వచ్చినవాళ్ళు పాత కోచ్‌తో పోవాలి, అడిగే పనే లేదు. క్యాంటీన్లో వాళ్ళ టీ కప్పులు మాత్రం కొక్కేలకి అలాగే వేలాడుతున్నాయి.

సిబ్బందినంతా అక్కడికే పిలిచారు. నిన్నటిదాకా బెంచీ మీద కూర్చున్న ఆటగాళ్ళు అందరికంటే ముందొచ్చి ముందు వరసలో కూర్చున్నారు. రోజూ ఆడేవాళ్ళు వెనక చేరి నీళ్ళ సీసాల మూతలు తిప్పుకుంటున్నారు. కొత్త కోచ్ చెడ్డవాడేం కాదు. గబగబా నడుస్తాడు, గబగబా మాట్లాడతాడు, అందరికీ చెయ్యి కలిపాడు. బాబాయికి చెయ్యి కలుపుతూ, "నా ఆటంతా అంచుల మీద నడుస్తుంది. నాకు వెడల్పు కావాలి. అరవై నాలుగు కాదు, అరవై ఎనిమిది. లీగు వాళ్ళ అనుమతి తీసుకున్నాం. శనివారానికి అయిపోవాలి" అన్నాడు. బాబాయి నోరు తెరిచేలోపు ఆ చెయ్యి పక్క మనిషి చేతిలోకి వెళ్ళిపోయింది.

తర్వాత కొత్త కోచ్ అసిస్టెంటు బాబాయిని పక్కకి పిలిచాడు. నలభై ఏళ్ళ మనిషి, చేతిలో టాబ్లెట్, మాట మాత్రం మర్యాదగానే ఉంది.

"మైదానం పనికి ఒక కంపెనీ వాళ్ళు కూడా అడుగుతున్నారండీ. మిషన్లూ అవీ అన్నీ వాళ్ళవే. మీ మీద నాకేం లేదు. శనివారం పని చూసి అప్పుడు అనుకుందాం."

అంటే ఉద్యోగం పోవచ్చు. ఉద్యోగంతో పాటు తూర్పు గ్యాలరీ వెనకున్న రెండు గదుల ఇల్లూ పోతుంది. ఆ ఇంటి వంటింటి కిటికీలోంచి మైదానం కనబడుతుంది. బాబాయి భార్య ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పని చేస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి కూడా చేతికందిన గుడ్డనల్లా నాలుగు మడతలు పెడుతూ ఉంటుంది.

"ఏమన్నాడు కొత్తాయన?" అంది తువ్వాలు మడుస్తూ.

"మైదానం వెడల్పు చేయమన్నాడు."

"చేసేయండి. గోడలు కూల్చాలా ఏంటి, గీత జరపడమేగా."

కంపెనీ సంగతి అతను చెప్పలేదు.

*

గీత జరపడమే. కానీ ఆ గీత నూట అయిదు మీటర్ల పొడవు, రెండు పక్కలా రెండు గీతలు. తాడు బిగువుగా లాగాలి. ఒక కొస ఇక్కడ, ఒక కొస అక్కడ. రెండేళ్ళ కిందట గీతలు లోపలికి జరిపినప్పుడు రెండో కొస పట్టుకున్నది కోచే. మేకుకి తగిలిస్తాను సార్, మీకెందుకు శ్రమ అంటే, "మేకుకి చెబితే వినదు, నాకు చెప్పు" అన్నాడు. రెండు మూడు గంటలు ఎండలో అలా వంగి, కొంచెం లోపలికి, కొంచెం బయటికి అంటూ చెప్పినట్టల్లా విన్నాడు.

గురువారం బాబాయి రెండో కొసని మేకుకి తగిలించాడు. పాత గీతకి రెండు మీటర్లు అవతల తాడు లాగి, పశ్చిమం పక్క చూసుకున్నాడు. బాగానే ఉంది. తూర్పు పక్కకి వచ్చి తాడు వెంట నడుస్తుంటే మడమ దిగబడింది. తీస్తే గుంటలో నీళ్ళు ఊరాయి. రెండేళ్ళుగా ఆ పట్టీ ఆట బయట ఉండిపోయింది. రోలరు అంతదాకా వెళ్ళలేదు. ఫొటోలవాళ్ళ స్టూళ్ళు, ఒళ్ళు వెచ్చబరుచుకోవడానికి ఉరికేవాళ్ళ ముళ్ళ బూట్లు, నీళ్ళ గొట్టాలు అన్నీ దాని మీదే. కింద మురుగు గొట్టం పూడుకుపోయినట్టుంది. పైకి మాత్రం గడ్డి పచ్చగా, ఏమీ ఎరగనట్టు ఉంది. అంచు వెంట, వింగ్‌లో పూర్తి వేగంతో వచ్చే మనిషి అక్కడ కాలు మోపి తిరిగితే పాదం నేలలో ఉండిపోతుంది, మోకాలు మాత్రం తిరుగుతుంది. ఆ చప్పుడు అతను తన సర్వీసులో రెండుసార్లు విన్నాడు. మూడోసారి వినాలని లేదు.

అసిస్టెంటు గది ముందుకి వెళ్ళాడు. మీటింగులో ఉన్నారు. గంటాగి మళ్ళీ వెళ్ళాడు. కొత్త కోచ్ టీవీ వాళ్ళతో మాట్లాడుతున్నారు. మూడోసారి అసిస్టెంటే ఎదురొచ్చాడు.

"తూర్పు పక్క నేల దిగుతోందండీ. ఇసక పోసి వారం ఆగితే..."

"చూడండి, కోచ్ రాగానే అడిగింది ఒక్కటే. దానికీ కుదరదంటే ఏం బాగుంటుంది? మీకు కుదరకపోతే చెప్పండి, కుదిరేవాళ్ళు ఉన్నారు."

"కుదరదని కాదండీ..."

"అయితే చేసేయండి."

బాబాయి వెనక్కి వచ్చాడు. తెల్ల రంగు కలిపి, బట్టలో వడగట్టి, గీతల బండిలో పోశాడు. గీత కొట్టేటప్పుడు చక్రం వైపు చూడకూడదు, దూరంగా మేకు వైపు చూడాలి. తూర్పు వైపు బయట లాగిన తాడు అలాగే ఉంది. దాని దగ్గర కాసేపు నిలబడ్డాడు. పశ్చిమం ఒక్కటే జరిపితే గోలు మధ్యలో ఉండదు. జరిపితే రెండూ జరపాలి, లేకపోతే రెండూ మానాలి. అతను తాడు చుట్టేసి, బండిని పాత గీత మీదికి తోసి, పాత గీత మీదే కొత్త తెలుపు కొట్టాడు. రెండో పక్కా అంతే.

పట్టుబడితే ఆ రోజే పంపించేస్తారు. భయం వేయాలి కదా అనుకున్నాడు. వేయలేదు. బండి కడిగి, బోర్లించి, ఇంటికెళ్ళి పడుకున్నాడు.

*

శనివారం రిఫరీ వచ్చి వలలు లాగి చూశాడు, గీతలు తెల్లగా ఉన్నాయా అని చూశాడు. వెడల్పు కాగితం మీద ఉంది కాబట్టి నేల మీద కొలవలేదు. జట్టు రోజూ ప్రాక్టీసు చేసేది ఊరవతల మైదానంలో. ఇక్కడికి వచ్చేది మ్యాచ్‌కే. కెప్టెన్ ఆటగాళ్ళు వచ్చే సొరంగంలోంచి బయటికి వచ్చి నడుం మీద చేతులు వేసుకుని నాలుగు వైపులా చూశాడు.

"ఎంత పెద్దదైపోయింది బాబాయ్. దీని నిండా పరిగెత్తాలంటే చచ్చామే" అన్నాడు.

బాబాయి కార్నర్ జెండా సరిచేస్తూ తలూపాడు. వెళ్ళి మేనేజరుతో చెప్పేస్తాడేమోనని కాదు గానీ, అతని ముఖంలోకి చూడలేకపోయాడు.

మూడు సున్నాతో గెలిచారు. మూడు గోల్సూ అంచుల్లోంచే వచ్చాయి. ఎడమ పక్క ఆడే కుర్రాడు, ఏడు మ్యాచ్‌ల పాటు గీత దగ్గరికి రాగానే వెనక్కి తిరిగి పాస్ ఇచ్చినవాడు, ఆ రోజు అదే గీతని ఒరుసుకుంటూ ఉరికాడు. చోటు ఉందని ఎవరో చెప్పారు, వాడు నమ్మాడు. బాబాయి సామాన్ల గది గుమ్మంలో నిలబడి ఆ కుర్రాడి కాళ్ళే చూశాడు. గ్యాలరీ అంతా లేచి అరుస్తుంటే అతనికి చెవుల్లో దూది పెట్టుకున్నట్టే ఉంది.

ఆట అయ్యాక కొత్త కోచ్ మైకు ముందు, "నేను పెద్దగా ఏం చేయలేదు. మైదానాన్ని వెడల్పు చేశాం, ఆటకి ఊపిరాడింది" అన్నాడు. అబద్ధమాడుతున్నాననే సంగతి ఆ మనిషికి తెలియదు.

అసిస్టెంటు వెతుక్కుంటూ వచ్చి బాబాయి భుజం తట్టాడు. "కంపెనీ వాళ్ళకి వద్దని చెప్పేశానండీ. కోచ్ మీ పని చాలా మెచ్చుకున్నారు. అన్నట్టు మంగళవారం పది గంటలకి లీగు వాళ్ళు వస్తారు, కొత్త కొలతని టేపు పెట్టి చూసుకుని రాసుకుంటారు. మీరు కూడా ఉండండి."

*

ఆదివారం పొద్దున్నే బాబాయి నాలుగు పళ్ళ పార తీసుకుని తూర్పు పట్టీ అంతా జానెడుకొకచోట గుచ్చాడు. పూడిన గొట్టం మూత తీసి బురద తోడాడు. గుచ్చిన చోటల్లా సన్న ఇసక పోసి చీపురుతో నింపాడు. నీళ్ళు దిగిపోవడం చెవికి వినబడింది. ఒక్క వారం ముందు చెప్పి ఉంటే ఇదంతా సావకాశంగా చేసేవాడు.

రేపు గీతలు జరిపేస్తే సరి, మంగళవారం టేపు సరిగ్గా చూపిస్తుంది. ఉద్యోగం ఉంటుంది, కిటికీ ఉంటుంది. కానీ ఆ పాత గీత పోతే ఇంకొకటి కూడా పోతుంది. ఇరుకు వల్ల ఓడలేదు, వెడల్పు వల్ల గెలవలేదు అని చెప్పగలిగే సాక్ష్యం ఆ తెల్ల రంగొక్కటే. రబ్బరు చెప్పుల ఫొటో కింద రాసిన మాట తప్పని చూపించాలంటే అది అక్కడే ఉండాలి.

మధ్యాహ్నం బావమరిది సెలూన్‌కి వెళ్ళాడు. కటింగు అవసరమేం లేదు, ఎక్కడో ఒక చోట కూర్చోవాలనిపించింది. మెడకి గుడ్డ బిగిస్తూ బావమరిది మొదలుపెట్టాడు.

"చూశావా బావా, మా కొత్త కోచ్ దెబ్బ. మైదానం అలా తెరిచేసరికి నాకు టీవీలో కూడా గాలి ఆడినట్టనిపించింది. పాతాయన ఏంటి, అగ్గిపెట్టెలో ఆడించాడు."

"నీకు తేడా తెలిసిందా?"

"గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. నువ్వు రోజూ అక్కడే ఉంటావు కాబట్టి నీకు ఆనదు."

కుర్చీల్లో ఉన్నవాళ్ళు నవ్వారు. ఒకాయన, ఆ పాత కోచ్‌ని మొదటి మ్యాచ్‌కే తరిమేయాల్సిందన్నాడు. ఇంకొకాయన రబ్బరు చెప్పుల మీద ఏదో జోకు వేశాడు. బాబాయి అద్దంలో తన ముఖం చూసుకున్నాడు. మెడ దాకా తెల్ల గుడ్డ కప్పి ఉంటే, మాట్లాడే హక్కు లేనివాడిలా ఉన్నాడు. సిగ్గనిపించింది. వారం రోజుల్లో అతనికి మొదటగా అనిపించింది అదే.

బయటికొచ్చి, గోడ పక్కన నిలబడి ఫోన్ చేశాడు.

"సార్, మీ బూట్లు ఇక్కడే ఉండిపోయాయి."

"ఎవరితోనైనా పంపించరాదూ?"

"మీరే రావాలి సార్. ఆరింటికి. వెనక గేటు తీసి ఉంచుతాను."

*

సోమవారం ఆరింటికి పాత కోచ్ వెనక గేటు నుంచి వచ్చాడు. కాళ్ళకి ఆ నీలం చెప్పులే. వాటిని విప్పి, అరచేత్తో దులిపి, బాబాయి చేతికిచ్చాడు.

"క్లబ్బువి. లెక్కలో తగ్గుతాయేమో."

బూట్లు తీసుకున్నాడు గానీ వేసుకోలేదు. గడ్డి మీదికి దిగాడు. ఇద్దరూ నడిచారు. పశ్చిమం పక్క గీత దగ్గర ఆయన ఆగాడు. కిందికి చూశాడు. గీత నుంచి కోచ్ కూర్చునే బెంచీ దాకా అడుగులు వేశాడు. మళ్ళీ వెనక్కి వేసుకుంటూ వచ్చాడు.

"ఏడడుగులు" అన్నాడు. "నాకు రెండేళ్ళుగా ఏడే. జరిపితే నాలుగున్నర ఉండాలి."

"జరపలేదు సార్."

"శనివారం?"

"శనివారం కూడా ఇంతే. తూర్పు పక్క నేల దిగుతోందని చెప్పబోయాను, వినలేదు. ఎవరి మోకాలైనా పోతుందని పాత దాని మీదే కొట్టేశాను."

కోచ్ ముక్కుతో చిన్నగా నవ్వాడు, అందులో సంతోషం మాత్రం లేదు.

"నేను వచ్చిన కొత్తలో వరసగా ఐదు గెలిచాం. గుర్తుందా?"

"ఉంది సార్."

"గీతలు లోపలికి జరపడం వల్లే అనుకున్నాను. కనిపించినవాడికల్లా అదే చెప్పాను. ఈయన కూడా అదే చెబుతున్నాడు, పాపం."

బాబాయి మూడు రోజులుగా లోపల తిప్పుకుంటున్న మాట బయటికి తీశాడు. "పేపరు వాళ్ళని పిలవండి సార్. రేపు పదింటికి లీగు వాళ్ళు టేపు పెడతారు. అప్పటిదాకా నేను గీత ముట్టుకోను. వాళ్ళే కొలుచుకుంటారు, వాళ్ళే రాసుకుంటారు. మిమ్మల్ని అన్న మాట వెనక్కి తీసుకోవాలి."

"నీ సంగతేంటి?"

"నా సంగతి ఏదో ఒకటి అవుతుంది."

గ్యాలరీ వెనక వంటింటి కిటికీలో దీపం వెలిగింది. బాబాయి భార్య గిన్నెలు కడుగుతూ తల ఎత్తి చూసింది. చెయ్యి ఊపాలా వద్దా అన్నట్టు ఆగి, మళ్ళీ గిన్నెల్లోకి వంగింది. కోచ్ ఆ కిటికీ వైపే చూస్తూ అడిగాడు.

"తూర్పు పక్క ఇప్పుడెలా ఉంది?"

"నిన్న గుచ్చి ఇసక పోశాను. నిలబడుతుంది."

"తాడు తీసుకురా."

"సార్..."

"తీసుకురావయ్యా. రేపు పదింటికల్లా రంగు ఆరాలి."

"మీరు వద్దు సార్, నేను మేకుకి తగిలించుకుంటాను."

"మేకుకి చెబితే వినదని చెప్పానా లేదా."

బూట్లు కార్నర్ జెండా దగ్గర పెట్టి, ప్యాంటు రెండు మడతలు పైకి మడుచుకుని, తాడు రెండో కొస పట్టుకుని ఆయన అవతలి చివరికి నడిచాడు. నూట అయిదు మీటర్ల దూరంలో వంగి కూర్చున్నాడు. బాబాయి చెయ్యి చూపించిన కొద్దీ, కొంచెం బయటికి, కొంచెం లోపలికి, చెప్పినట్టల్లా విన్నాడు. తనని తీసేసిన క్లబ్బుకి, తన చోటికి వచ్చిన మనిషి అడిగిన కొలత పెట్టడానికి, తాడు వదలకుండా పట్టుకున్నాడు. బాబాయి బండి తోస్తూ దూరంగా చూడాలి కదా, చూశాడు. మేకు ఉండాల్సిన చోట మనిషి ఉన్నాడు. కళ్ళు మసకబారాయి. గీత మాత్రం వంకర పోలేదు.

రెండో పక్క కూడా అయ్యాక పాత గీతల మీద పచ్చ రంగు కొట్టాలి. బాబాయి పంపు భుజానికి తగిలించుకోబోతే కోచ్ లాక్కున్నాడు. రెండేళ్ళ కిందట తను పట్టుబట్టి కొట్టించిన గీత మీద తనే నడుస్తూ, అడుగడుగునా తెలుపు మీద పచ్చ చల్లుకుంటూ వెళ్ళాడు. ఆయన వెనక గడ్డి ఒక్కటే మిగిలింది.

తొమ్మిదింటికి కార్నర్ దగ్గర కూర్చుని అరికాళ్ళు చూసుకున్నాడు. రెండూ పచ్చగా ఉన్నాయి. నీళ్ళు తెస్తానన్నా వద్దని, అలాగే సాక్సులు తొడుక్కుని బూట్లు వేసుకున్నాడు.

"ఎడమ పక్క కుర్రాడు శనివారం బాగా ఆడాడు" అన్నాడు లేస్తూ. "గీత దాకా వెళ్ళరా అని వాడికి రెండేళ్ళు చెప్పాను."

వెనక గేటు నుంచి వెళ్ళిపోయాడు.

*

మంగళవారం పదింటికి లీగు వాళ్ళు ఇద్దరు టేపు పరిచారు. ఒకడు ఇటు, ఒకడు అటు. అరవై ఎనిమిది, వెంట్రుకవాసి తేడా లేదు. కొత్త కోచ్ వచ్చి గీత మీద నిలబడి, తల ఊపి, బాబాయికి మళ్ళీ చెయ్యి కలిపాడు.

"మొన్న గెలిచింది దీని వల్లే" అన్నాడు లీగు వాళ్ళతో. వాళ్ళు రాసుకున్నారు.

అసిస్టెంటు కూర్చుని, ఒక కన్ను మూసి గీత వెంట చివరిదాకా చూశాడు.

"దారం పెట్టినట్టుందండీ. ఇంత పొడవు తాడు లాగాలంటే ఇద్దరుండాలే. ఎవరు సాయం పట్టారు?"

బాబాయి గీత అవతలి చివరికేసి చూశాడు. జెండా ఊగుతోంది. ఒక మాట చెప్పాలి. చెబితే ఆయన చేసిందంతా వృథా అవుతుంది.

"ఎవరూ లేరండీ" అన్నాడు. "మేకుకి తగిలించుకున్నాను."